కొత్త పద్యనాటకానికి వరుసలు: డెల్టాలో ఒక సంగీత దర్శకుని పనితీరుపై సమీక్ష

గోదావరి డెల్టాలో పద్యనాటకం వేయాలనుకునే ఔత్సాహిక నాటక సమాజానికి నటులు దొరుకుతారు, డ్రెస్సు కంపెనీ దొరుకుతుంది, తెరలూ లైట్లూ మైకూ ఒక్క ఫోనుతో వస్తాయి. పాత నాటకాలకు హార్మోనియం వాయించేవారు కూడా అక్కడక్కడ ఇంకా ఉన్నారు. అరుదైపోయిన పని మరొకటి ఉంది. ఇంతవరకు ఎవరి నోటా వినపడని పద్యాలకు కొత్తగా వరుసలు, అంటే బాణీలు, కట్టి, వాటిని నటుల గొంతుల్లో స్థిరపరచి, ప్రదర్శన రాత్రి హార్మోనియం పెట్టె ముందు కూర్చుని నాంది నుంచి మంగళం వరకు నాటకాన్ని నడిపించడం. రామచంద్రపురం పరిసరాల్లో నివసించే ఒక వృద్ధ సంగీత దర్శకుని చేత మా సమాజం ఈ పని చేయించుకుంది. ఆయన పని ఎలా ఉంటుంది, ఎవరికి పనికివస్తుంది, ఎవరికి పనికిరాదు అన్న విషయాలు ఇతర సమాజాల వారికి తెలియజేయడం కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. తన పేరు, ఫోను నంబరు ఇక్కడ వేయవద్దని ఆయన కోరారు కనుక, మేమందరం పిలిచినట్టే ఇక్కడా మాస్టారు అనే అంటాను. ఆ ప్రాంతపు నాటకాల వారిని అడిగితే ఇంటికి దారి చెబుతారు.

మేము ఎంచుకున్న కథ శ్రీనాథుని భీమేశ్వర పురాణంలోనిది. కాశీలో భిక్ష దొరకక ఆకలితో అలమటించిన వ్యాసుడు ఆ నగరాన్ని శపించబోతాడు. అన్నపూర్ణ ఒక సామాన్య గృహిణి రూపంలో వచ్చి అతన్ని వారించి, శిష్యులతో సహా అన్నం పెడుతుంది. శపించబూనిన నేరానికి శివుడు కాశీ విడిచి పొమ్మంటాడు. కాశీని వదిలిన వ్యాసుడు చివరకు దాక్షారామం చేరుకుంటాడు. అక్కడి భీమేశ్వరుని గుడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఊళ్లలో పుట్టి కూడా ఈ కథ తెలియనివారు మాలోనే కొందరు ఉన్నారు. మా సమాజ సభ్యుడైన ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు దీన్ని పద్యనాటకంగా రాశారు. పద్యాలన్నీ ఆయన సొంతం. చిక్కు కూడా అక్కడే వచ్చింది. కురుక్షేత్రమో హరిశ్చంద్రో వేసేటప్పుడు నటుడు పోర్షనుతో, అంటే తన పాత్ర మాటలూ పద్యాలతో, పాటు వరుస కూడా నేర్చుకునే వస్తాడు. రాయబారం సీను ఏ రాగంలో మొదలవుతుందో, కాటి సీనులో ఎక్కడ గొంతు ఎత్తాలో ప్రేక్షకులకు కూడా తెలుసు. కొత్త పద్యం విషయంలో అటువంటి ఆధారం ఏదీ ఉండదు.

మొదటి రోజు మాస్టారు పెట్టె మూత కూడా తీయలేదు. ఒక్కొక్క నటుడి చేత అతని పద్యాలను వచనంలా చదివించి, అన్వయం చెప్పమన్నారు. కర్త ఎక్కడ ఉంది, క్రియ ఎక్కడ ముగిసింది, ఈ సమాసంలో మాటలు ఎన్ని అని అడిగారు. వయసులో ఉన్నప్పుడు దుర్యోధనుడు వేసి ఊరూరా చప్పట్లు కొట్టించుకున్న మా వ్యాస పాత్రధారికి ఈ పరీక్ష రుచించలేదు. పద్యం పాడటానికి వచ్చామా, తెలుగు వాచకం అప్పజెప్పటానికి వచ్చామా అని బయటకు వచ్చాక గట్టిగానే అన్నారు. అయితే ఆ పూటే ఒక సంగతి బయటపడింది. ఒక పద్యంలో ఎవరి మాటను ఎవరు అంటున్నారో పాడవలసిన మనిషికే తెలియదు.

తరువాత గొంతుల పరిశీలన జరిగింది. సరిగమలు పాడించడం కాని, తెలిసిన పద్యం ఎత్తుకోమనడం కాని లేదు. "కాలవ అవతలి గట్టు మీద మీవాడు పోతున్నాడనుకోండి, వాణ్ణి ఒకసారి పిలవండి" అన్నారు. ఒక్కొక్కరు పిలిచినప్పుడు ఆ పిలుపు పెట్టె మీద ఏ స్వరం దగ్గర పడుతోందో చూసి నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఆయన లెక్క ప్రకారం, మనిషి ఆలోచించకుండా పిలిచే పిలుపులో దొరికే ఎత్తే అతనికి నిజంగా అందే తారస్థాయి. పాడమంటే మాత్రం తనకు లేని ఎత్తు కోసం ప్రయత్నిస్తాడు. ఆ నోటుపుస్తకంలో ప్రతి నటుడికి ఒక పేజీ ఉంది. కింద ఎంతవరకు దిగుతాడు, పైన ఎంతవరకు వెళతాడు, ఊపిరి ఎన్ని అక్షరాలకు సరిపోతుంది, ఏ అచ్చు మీద గొంతు తెరుచుకుంటుంది, ఏ అచ్చు మీద సన్నబడుతుంది అన్నవి అందులో ఉన్నాయి. మా వ్యాసుడికి ఆకారం మీద గొంతు నిండుగా పలుకుతుంది, ఈకారం మీద పీలగా మారుతుంది. అందువల్ల అతని పద్యాల్లో రాగం సాగదీసే చోట్లన్నీ ఆకారం మీదకే వచ్చేలా వరుస కట్టారు. ఒక పద్యం మాత్రం చివర ఈకారంతో ముగుస్తోంది. ఆ మాట మార్చవలసిందని మాస్టారు, ప్రాస చెడకుండా అర్థం పోకుండా మార్చడం కుదరదని కవిగారు చాలాసేపు వాదించుకున్నారు. చివరకు మాట అలాగే ఉంది. సాగదీత మాత్రం ఒక పాదం ముందుకు జరిగింది.

ఈ సేవలోని ప్రత్యేకత నాకు ఇక్కడే కనిపించింది. మాస్టారు పద్యానికి వరుస కట్టరు. ఫలానా మనిషి నోట వచ్చే పద్యానికి కడతారు. నంది పాత్రధారికి ఉద్యోగంలో బదిలీ వచ్చి మరొకరిని తీసుకున్నప్పుడు, పాత వరుసను కొత్తవాడికి నేర్పడానికి ఆయన ఒప్పుకోలేదు. కొలతలు తీసుకుని కుట్టిన చొక్కా మరొకరికి ఎందుకు తొడుగుతామని, ఆ రెండు పద్యాలనూ మొదటి నుంచి కట్టారు. అవే పద్యాలు, అదే సన్నివేశం అయినా రాగం కూడా మారింది.

పద్యం నడక విషయంలో ఆయన పట్టుదల ఎంతటిదో మా నటులకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం, శార్దూలానికి పదమూడో అక్షరం, మత్తేభానికి పద్నాలుగో అక్షరం యతిస్థానాలు. అక్కడ పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి. అక్కడ ఆగాలన్న నియమం ఏదీ తెలుగు ఛందస్సులో లేదు. అయినా రంగస్థలం మీద చాలామంది యతి దగ్గర ఊపిరి పీల్చుకుంటారు. మాట మధ్యలో యతి పడినప్పుడు ఆ మాట రెండు ముక్కలవుతుంది, వినేవాడికి అర్థం తెగిపోతుంది. మాస్టారు ప్రతి పద్యంలోను ఊపిరి తీసుకోదగిన చోట్లను ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ఇచ్చారు. ఆ గుర్తులన్నీ మాట ముగిసిన చోటే ఉన్నాయి, యతి ఎక్కడ ఉన్నా సరే. పాదం చివర కూడా మాట ముగియకపోతే ఆగనివ్వరు. తరువాతి పాదంలోకి గొంతు తెగకుండా వెళ్లవలసిందే. అరవై దాటిన నటులకు ఇది కష్టమైన సాధన. కాని ప్రదర్శన తరువాత, పద్యాలు పాడుతుంటే అర్థమవుతున్నాయని చదువు పెద్దగా లేనివారు కూడా వచ్చి చెప్పడం నేను మొదటిసారి విన్నాను.

రాగాల ఎంపికలో కూడా మేము అనుకున్నది ఒకటి, ఆయన చేసింది మరొకటి. వ్యాసుడు కాశీని శపించబోయే పద్యానికి అఠాణా వంటి రాగం వస్తుందని, గొంతు చించుకునే అవకాశం దొరుకుతుందని మా నటుడు ఆశపడ్డారు. మాస్టారు ముఖారి ఇచ్చారు. "ఏవండీ, తిండి లేనివాడు అంత గట్టిగా అరవగలడా?" అని ఒక్క ప్రశ్న వేశారు. పద్యం మంద్రంలో, అంటే కింది స్థాయిలో, దాదాపు గొణుగుడులా మొదలై, చివరి పాదంలో మాత్రమే పైకి లేస్తుంది. ఆ లేవడం కూడా తారషడ్జం (పై స) దాటదు. రిహార్సల్లో ఇది చప్పగా ఉందని మాలో సగంమంది అనుకున్నాం. అన్నపూర్ణ పద్యాలకు ఆనందభైరవి వేశారు. అది ఎవరైనా ఊహించగలిగిన ఎంపికే. తెలుగు ఇళ్లలో పెళ్లి పాటలకూ మంగళహారతులకూ అలవాటైన రాగం అది. శివుడి ఆజ్ఞకు మాత్రం వరుసే కట్టలేదు. పాటకు ఆధారమైన స్వరం, అంటే శ్రుతి, మాత్రం పెట్టి, దాని మీద పద్యాన్ని చదివించారు. పాటల మధ్య ఆ చదువు ఎంత కఠినంగా వినపడిందో చెప్పలేను. ఆ పాత్రధారికి రాగజ్ఞానం లేకపోవడం వల్ల అలా చేశారా, నాటకం కోసం చేశారా అని అడిగితే మాస్టారు నవ్వి ఊరుకున్నారు.

వీటన్నిటికంటె నేర్పుగా తోచినది శ్రుతుల కూర్పు. స్త్రీ పురుష పాత్రలు ఒకే సన్నివేశంలో పద్యాలు మార్చుకునేటప్పుడు ఇద్దరి శ్రుతులు కలవక, ఒకరు ముగించి మరొకరు ఎత్తుకునే మధ్య హార్మోనిస్టు కొత్త శ్రుతి ఇచ్చేదాకా రంగం చచ్చినట్టు పడి ఉండటం మనం తరచు చూసేదే. మా వ్యాసుడిది ఒకటిన్నర శ్రుతి, అన్నపూర్ణ వేసిన నటిది నాలుగున్నర. ఒకటిన్నర శ్రుతిలో శుద్ధ మధ్యమం (మ) పెట్టె మీద ఎక్కడ పలుకుతుందో నాలుగున్నర శ్రుతి షడ్జం (స) సరిగ్గా అదే మెట్టు (కీ). అందుకని వ్యాసుని శాపపద్యాన్ని షడ్జం మీద ముగించకుండా మధ్యమం మీద వేలాడదీసి ఆపించారు. ముఖారిలో శుద్ధ మధ్యమం ఉంది కనుక రాగానికి లోటు లేదు. ఆ వేలాడే స్వరమే అన్నపూర్ణకు ఆధార షడ్జం అవుతుంది. ఆమె ఎవరి కోసమూ ఆగకుండా అందుకుంటుంది. శపించబోయినవాని మాట పూర్తి కాకముందే తల్లి వచ్చి అడ్డుపడిందన్న భావం సంగీతంలోనే వచ్చేసింది. సంగీతం తెలియని ప్రేక్షకుడికి ఈ కిటుకు తెలియదు, తెలియనవసరం లేదు. రిహార్సల్లో చప్పగా ఉందనుకున్న ముఖారి అక్కడికి వచ్చేసరికి ఎందుకు అవసరమైందో మాకు తెలిసింది.

హార్మోనియం గురించి కొంత చెప్పాలి. ఫ్రాన్సులో పుట్టి, కలకత్తాలో చేతిపెట్టెగా మారి మన దగ్గరకు వచ్చిన ఈ వాద్యానికి మెట్లు స్థిరంగా ఉంటాయి. మెట్టుకు మెట్టుకు మధ్య జారే గమకం దాని మీద పలకదు. ఈ లోపాన్నే కారణంగా చూపి 1940లో ఆలిండియా రేడియో దాన్ని తన కేంద్రాల నుంచి బహిష్కరించింది. ఆ నిషేధం 1971 దాకా సాగింది. 1948లో విజయవాడ కేంద్రం ప్రారంభమైన తరువాత కూడా, ఊళ్లలో రాత్రంతా వేలమంది విన్న వాద్యానికి రేడియోలో చోటు లేదు. మాస్టారి గురువు ఆ కాలపు మనిషి. ఆ అవమానం ఆయన మాటల్లో తరచు వచ్చేదట. అయితే వాద్యం లోపాన్ని మాస్టారు కాదనరు. వ్యాసుడు కాశీ వైపు వెనుదిరిగి చూస్తూ పాడే పద్యాన్ని సహన రాగంలో కట్టారు. గమకం లేకుండా సహన లేదు. ఆ పద్యం జరుగుతున్నంతసేపు ఆయన చేతులు శ్రుతి మెట్ల మీదనే ఉంటాయి. గొంతుతో పాటు వాయించరు. నటుడు ఊపిరి తీసుకున్నప్పుడు మాత్రం రెండు మూడు స్వరాలు వినిపించి తప్పుకుంటారు. నటుడి ప్రతి పలుకునూ పెట్టె మీద వెంబడించడమే గొప్ప అనుకునే హార్మోనిస్టుల మధ్య ఈ నిగ్రహం నాకు ఎంతో నచ్చింది.

ఈ పద్ధతి ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఆయన జీవితం కొంత తెలియాలి. డెబ్బై దాటిన మాస్టారు తన ఉద్యోగ జీవితమంతా ఒక రైసు మిల్లులో గుమాస్తాగా గడిపారు. బాల్యంలో, మూతపడిన ఒక నాటక కంపెనీ నుంచి బయటకు వచ్చి పట్టణంలో స్థిరపడిన హార్మోనిస్టు దగ్గర చేరారు. ఆ గురువు పెట్టె ముట్టుకోనివ్వలేదు. చేతిరాత బాగుంది కనుక నటుల పోర్షన్లు రాసిపెట్టే పని అప్పగించారు. పద్యాలను తప్పు లేకుండా ఎత్తి రాస్తూ రాస్తూ ఉండగా గణాలు, యతులు, సమాసాలు వాటంతట అవే వంటబట్టాయని మాస్టారు అంటారు. ఆ తరువాత కొన్నాళ్లు తెర పక్క నిలబడి ప్రాంప్టింగ్ చేశారు. ఏ నటుడు ఎక్కడ తడబడతాడో, ఎందుకు తడబడతాడో అక్కడ నేర్చుకున్నారు. పెట్టె ముందు కూర్చున్నది ఆ తరువాతే. సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాకా ఉండే సీజనులో రాత్రి నాటకం, తెల్లవారితే మిల్లు. మాసూళ్ల రోజుల్లో, అంటే పంట చేతికొచ్చే రోజుల్లో, రెండూ కలిసి వచ్చినప్పుడు ధాన్యం బస్తాల మీదే నిద్రపోయిన రోజులు ఉన్నాయట. సినిమాలకు ఎందుకు వెళ్లలేదని అందరిలాగే నేనూ అడిగాను. "మిల్లు లెక్కలు ఎవరు రాస్తారండి?" అన్నారు. ఇందులో హాస్యం ఎంత, నిజం ఎంత అన్నది తేల్చడం కష్టం. ఎందుకంటే ఆ దారిలో వెళ్లినవారు ఈ ప్రాంతంలో ఉన్నారు. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాలకు సంగీతం కూర్చిన ఆదినారాయణరావు మద్రాసు వెళ్లి 1957లో సువర్ణసుందరితో దేశమంతటా పేరు పొందారు. ఆ క్లబ్బు వేదిక మీద నటించినవారిలోనే అంజలీదేవి, ఎస్వీ రంగారావు ఉన్నారు. మిగిలిపోయినవారి వరుసలు ఇక్కడే, వేదికల మీదే మిగిలాయి.

1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకం ఆడించినది మొదలు మన నాటక చరిత్రలో కవుల పేర్లు ఉన్నాయి, నటుల పేర్లు ఉన్నాయి. వరుస కట్టినవారిని తలచుకోవడం తక్కువ. ఒక వరుస జనంలోకి వెళితే అది ఆ నటుడి వరుసగా చలామణి అవుతుంది. కరపత్రం మీద హార్మోనిస్టు పేరు లైటింగు, మైకు సెట్టు పేర్ల సరసన చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోటీ నాటకాల్లో సంగీతానికి విడిగా బహుమతి పెట్టిన తరువాతే 'సంగీత దర్శకత్వం' అన్న మాట కరపత్రంలోకి ఎక్కిందని మాస్టారు చెబుతారు. 1998లో ప్రభుత్వం నంది నాటకోత్సవాలు ప్రారంభించి పద్యనాటకానికి ఒక విభాగం ఇవ్వడంతో కొత్త నాటకాలు రాయించే సమాజాలు ముందుకు వచ్చాయి, ఆయనకూ కొంత పని దొరికింది. అంతకు ముందు క్యాసెట్ల కాలం ఆయన వంటివారికి గడ్డుకాలం. పెద్ద నటుల పద్యాల క్యాసెట్లు ప్రతి కాఫీ హోటల్లో మోగుతుండటంతో ప్రతి ఊరి కృష్ణుడూ, ప్రతి ఊరి హరిశ్చంద్రుడూ ఆ క్యాసెట్టులోని నటుడిలాగే పాడాలని పట్టుపట్టారు. తన గొంతుకు నప్పని శ్రుతిలో, నప్పని ఎత్తులో పాడి గొంతు పోగొట్టుకున్నవారిని ఆయన పేర్లతో సహా చెప్పగలరు. ఆ రోజుల్లో సమాజాలకు ఆయన వేళ్లు తప్ప వరుసలు అక్కరలేదు.

ప్రదర్శన రాత్రి ఆయన కాళ్ల పెట్టెను వేదిక పక్కన ఎక్కడ పెట్టాలో ముందుగా వచ్చి చూసుకున్నారు. నటుడి పెదవులు కనిపించాలి, మైకు తీగలు అడ్డు రాకూడదు. పాదాలతో తిత్తులు తొక్కుతూ ఉంటే రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి. కన్ను మాత్రం నటుడి మీద నుంచి కదలదు. రెండో అంకంలో మా వ్యాసుడు ఒక సీసపద్యంలో మూడో పాదం మరచిపోయారు. ప్రాంప్టరు పుస్తకంలో వెతుక్కునేలోగా మాస్టారు ఆ పాదపు వరుసను పెట్టె మీద వాయించి, మొదటి మాటను పెదవులతో అందించారు. అది ముందుగా అనుకున్న మధ్య వాద్యమేనని జనం అనుకున్నారు. అన్నపూర్ణ పద్యానికి వన్స్ మోర్ అని కేకలు వచ్చినప్పుడు మాత్రం ఆయన తల అడ్డంగా ఊపి, వ్యాసునికి శ్రుతి ఇచ్చేశారు. నటి చిన్నబుచ్చుకుంది. ఊరి పెద్దలు కూడా నొచ్చుకున్నారు. అన్నం వడ్డించిన తరువాత మళ్లీ వెనక్కి వెళ్లి పిలవడం ఏమిటన్నది ఆయన వాదం. నాటకం వైపు నుంచి చూస్తే ఆయన చేసింది సరైనదే. కాని ఒక చిన్న ఊరి నటికి ఒక రాత్రి దొరికే ఆ గౌరవాన్ని ఆపే అధికారం సంగీత దర్శకుడికి ఉందా అన్న ప్రశ్న మా సమాజంలో ఇంకా నడుస్తోంది. నేను నటి పక్షమే.

లోపాల విషయానికి వస్తే మొదటిది పెద్దది. ఆయన స్వరలిపి ఇవ్వరు. నోటుపుస్తకంలో రాగం పేరు, పొడి అక్షరాల్లో కొన్ని స్వరాలు, ఎర్ర గుర్తులు తప్ప ఏమీ ఉండవు. అవి మరొకరికి అర్థం కావు. వరుస పూర్తిగా కుదిరేదాకా ఫోనులో రికార్డు చేసుకోనివ్వరు. సగం కుదిరిన వరుస ఇంటికి వెళితే అదే పాతుకుపోతుందని అంటారు. ఆ మాటలో నిజం ఉన్నా, రిహార్సల్ తప్పిన నటుడికి ఇంటి దగ్గర సాధన చేసే దారి ఉండదు. చివరి రిహార్సల్ రోజున మాత్రం అనుమతిస్తారు. ఆ అవకాశం వదులుకోకూడదు. మంచి రికార్డరు పెట్టి ప్రతి పద్యాన్నీ నటుడి గొంతుతో ఒకసారి, మాస్టారి గొంతుతో ఒకసారి రికార్డు చేసి ఉంచుకోవాలి. మేము చేసిన మేలైన పనుల్లో అది ఒకటి.

రెండోది, పాటలు. పద్యాల్లో ఉన్న చురుకు ఆయన పాటల్లో లేదు. దాక్షారామంలో యాత్రికుల బృందగీతానికి కట్టిన వరుస సాదాగా, ఎక్కడో విన్నట్టుగా ఉంది. పిల్లలు దాన్ని రెండు రోజుల్లో నేర్చుకున్నారన్నది తప్ప దాని గురించి చెప్పేదేమీ లేదు. నాటకంలో పాటలు, నృత్యాలు ఎక్కువగా ఉంటే వాటికి వేరే వారిని చూసుకోవడం మంచిది. నేపథ్య సంగీతం కూడా ఆయన చేయరు. పోటీకి వెళ్లే నాటకానికి అది తప్పనిసరి కనుక కీబోర్డు వాద్యకారుణ్ణి విడిగా మాట్లాడుకోవలసి వస్తుంది. రిథమ్ ప్యాడ్ అన్న మాట ఆయన ముందు ఎత్తకపోవడం శాంతికి మంచిది. తబలా, డోలక్ అయితే అభ్యంతరం లేదు.

మూడోది ఆయన నోరు. గొంతు లేదనుకున్న నటుడికి ఆ మాట నలుగురిలోనే చెబుతారు. మా నటుల్లో ఒకరిని పద్యం లేని పాత్రకు మారమన్నారు. ఆయన మారారు కాని, రిహార్సల్‌కు వచ్చినన్నాళ్లు మాస్టారితో మాట్లాడలేదు. పెద్దమనుషులు, చందాదారులు వేషాలు వేసే సమాజాలు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

పారితోషికం సంగతి. పద్యానికి ఇంత అని కాకుండా నాటకం మొత్తానికి కలిపి మాట్లాడతారు. సగం మొదట్లో, మిగిలినది మొదటి ప్రదర్శన తరువాత. మేము ఇచ్చిన మొత్తం కీబోర్డు వాద్యకారుడికి ఇచ్చినదానికంటె తక్కువే అయింది. ఇది చెప్పుకోవడానికి మాకే బాగాలేదు. తరువాతి ప్రదర్శనలకు రాత్రికి ఇంత అని విడిగా ఉంటుంది. నటుణ్ణి మార్చితే కొత్త వరుసలకు కొంత అదనంగా అడుగుతారు. బేరం ఆడరు, ఆడనివ్వరు. కరపత్రంలో తన పేరు కవి పేరు ఉన్న అక్షరాల సైజులోనే ఉండాలన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. అచ్చుకు పంపే ముందు ప్రూఫు చూపమన్నారు, చూశారు కూడా.

మొత్తం మీద, కొత్తగా రాసిన పద్యనాటకాన్ని అర్థం చెడకుండా వినిపించాలనుకునే సమాజానికి ఈ డెల్టాలో నాకు తెలిసినంతలో ఇంతకంటె తగినవారు లేరు. పాత నాటకాన్ని పాత వరుసల్లోనే ఆడదలచినవారు ఆయన్ను పిలిచి ప్రయోజనం లేదు. వాయిస్తారు, కాని ఆ రాత్రి ఇద్దరికీ సంతోషం ఉండదు. శివరాత్రికో శ్రీరామనవమికో నాటకం అనుకునేవారు దసరా వెళ్లగానే కలవాలి. పద్యాలను పెద్ద అక్షరాల్లో, మాటలు విడదీసి రాసిన ప్రతి తీసుకుని వెళ్లాలి. అచ్చు ప్రతి కంటె చేతిరాతనే ఇష్టపడతారు. పాత్రధారులను ఖాయం చేసుకున్న తరువాతే మొదటి రోజు పెట్టుకోవాలి. రిహార్సళ్లు ఉదయం పూటే, ఆయన ఇంటి వసారాలోనే జరుగుతాయి. వసారాలో పదిమందికి మించి కూర్చోలేరు. వానాకాలంలో అయితే ముసురుకు చెక్క ఉబ్బి మెట్లు బిగుసుకుపోతాయి. ఆ రోజుల్లో పెట్టె పక్కన బల్బు వెలిగించి ఉంచుతారు, అయినా వాయించడానికి ఇష్టపడరు. ప్రదర్శనకు కాళ్ల పెట్టెను తీసుకువెళ్లే ఖర్చు, బాధ్యత సమాజానివే. మామూలు ఆటోలో అది పట్టదు. ట్రాలీ ఆటో మాట్లాడి, కింద పరుపు వేసి, పట్టుకోవడానికి ఇద్దరు మనుషులను వెంట పంపాలి.